మైరా అన్న పేరుకు నేను నవ్విన రోజు

ఫ్లెక్స్ మిషన్ లోంచి బ్యానర్ వెచ్చగా బయటికి వచ్చేటప్పుడు ఒక ఘాటు వాసన వేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ వాసనలోనే బతుకుతున్నాను కాబట్టి మామూలుగా నా ముక్కు దాన్ని పట్టించుకోదు. ఇవాళ పొద్దున మాత్రం పట్టించుకుంది. ఒక పసిపాప ఫొటో, పక్కన పూలు కట్టిన ఉయ్యాల బొమ్మ, కింద 'నర్సవ్వ' అన్న అక్షరాలు మెల్లగా దిగుతున్నాయి. ఆ పేరు అక్కడికి రావడానికి కారణం నేను. ఒక తల్లి కోరుకున్న పేరును నలుగురి ముందు ఎగతాళి చేశాను.

పెద్దపల్లిలో నాది చిన్న దుకాణం. ఇవాళ పొద్దున సురేష్ అనే యువకుడు, అతని తల్లి, భార్య లావణ్య ఆటో దిగి వచ్చారు. పాపకు టీకా వేయించుకుని మంథని దారిలో ఉన్న వాళ్ళ ఊరికి తిరిగి వెళ్తున్నారు. మర్నాడు ఇంట్లో తొట్టెల, అంటే పాపను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే పండుగ. "పేరేం కొట్టాలె?" అని అడిగాను. లావణ్య, పాప తల మీద చెయ్యి పెట్టి, "మైరా" అని నెమ్మదిగా అంది.

నాకు ఆడపిల్లల పేర్ల మీద అభిప్రాయాలు ఎక్కువ. ఆద్య, శాన్వి, హన్విత, సహస్ర. ఏ తొట్టెల ఫ్లెక్స్ కొట్టినా ఇవే తిరిగి తిరిగి వస్తాయి. అంగన్‌వాడీలో ఒక పేరు పిలిస్తే సగం గది తల తిప్పుతుందని ఎన్నిసార్లు వాదించానో. ఆ ఊపులోనే నోరు జారింది.

"మైరా ఏందమ్మా, బట్టల సబ్బు లెక్కున్నది!" అన్నాను. బెంచీ మీద కూర్చున్న మరో ఇద్దరు గిరాకీలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

అత్తగారికి కావలసింది దొరికింది. "చూసినవా? పేర్లు కొట్టెటోడే నవ్వబట్టె. రేపు ఊరు నవ్వదా? ధర్మపురి నర్సన్న దేవునికి మొక్కుకున్న. నర్సవ్వ అని పెడ్తే నీదేం పోతది?"

సురేష్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "సరే అన్నా, నర్సవ్వనే కొట్టు, మాపు వచ్చి తీస్కపోత" అన్నాడు. లావణ్య కొంగు పాప ముఖం మీదికి లాగి ఆటోలోకి వెళ్ళి కూర్చుంది. నేను వాళ్ళింటి గొడవలో ఒక వైపు బరువు వేశానని అప్పుడు తట్టలేదు. బ్యానర్ సగం దిగాక తట్టింది. దానితోపాటే కనకయ్య సేటు గుర్తొచ్చాడు.

కనకయ్య సేటు నాకు పని నేర్పినవాడు. కరీంనగర్ బస్టాండు దగ్గర ఆయనది కార్డులు, బ్యానర్ల దుకాణం. మగ్గాల ఇంట పుట్టిన మనిషి. సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య పెరగడం వల్లనేమో, పక్కన కూర్చున్న వాడితో కూడా గట్టిగా మాట్లాడేవాడు. తొట్టెల పేరు కొట్టించుకోవడానికి ఎవరొచ్చినా ఆయన ఒక పని చేయించేవాడు. తండ్రిని రోడ్డు అవతల చాయ్ బండి దగ్గర నిలబెట్టి, పిల్లను అన్నానికి పిలిచినట్టు ఆ పేరు పెట్టి పిలవమనేవాడు. తాను దుకాణం గడప మీద నిలబడి వినేవాడు. నడుమ బస్సుల హారన్లు. ఒకసారి ఒకాయన "శ్రీ సాయి అన్విత రెడ్డీ" అని అరిచేలోపు మంచిర్యాల బస్సు వచ్చి ఆగింది, దాటి వెళ్ళింది కూడా. చాయ్ బండి మనిషి గరిటె ఊపుతూ, "పిల్ల పెండ్లి గూడ అయిపోయింది, ఇంక పిలుస్తనే ఉన్నవా?" అన్నాడు. ఆ తండ్రే అందరికంటే ఎక్కువ నవ్వి, వెనక్కి వచ్చి, "ఉట్టిగ అన్విత అని కొట్టు సేటూ" అన్నాడు. సేటు మాత్రం నవ్వలేదు. పేరు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వినబడిందో లేదో అంతే చెప్పాడు.

అంతమాత్రాన ఆయనకు అభిప్రాయాలు లేవనుకోకండి. గిరాకీలు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం సద్దన్నం తిని గోడకు ఒరిగినప్పుడు మొదలుపెట్టేవాడు. "ముంగట శ్రీ, ఎనుక సాయి. నడుమ పిల్ల యాడున్నదో దేవులాడాలె. మా అవ్వను రాజవ్వా అని పిలిస్తే చెరువు అవతలికి ఇనబడేది. గిప్పటి పేర్లు గడప గూడ దాటవు." సీరియల్లో కథానాయిక మారితే ఆ ఏడు పుట్టిన పిల్లల పేర్లూ మారతాయని ఆయన కోపం. నాకు ఈ పిచ్చి అంటుకున్నది ఆ మధ్యాహ్నాల్లోనే. కానీ గడప మీద ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా ఆయన నోరు టక్కున మూతపడేది. ఆయన దగ్గర మాట నేర్చుకున్నాను గానీ, ఆ మూతపడటం నేర్చుకోలేదు.

ఒక రోజు బాగా గుర్తుంది. ఒక యువజంట వచ్చి పాపకు 'పోచవ్వ' అని కొట్టమన్నారు. అది పిల్ల తండ్రికి నాయనమ్మ పేరు. పక్కన ఒక కాంట్రాక్టరు కూర్చుని ఉన్నాడు. ఎన్నికల బ్యానర్లన్నీ మా దుకాణంలోనే వేయిస్తున్నవాడు. అతను తొడ చరుచుకుని, "గీ కాలంల పోచవ్వనా! పిల్లను గొర్ల కాడికి తోల్తవా ఏంది?" అన్నాడు. పిల్ల తల్లి ముఖం ఎర్రబడింది. సేటు లేచి నిలబడ్డాడు. "కాంట్రాక్టర్ సాబ్, జర బయటికి నడువుండ్రి" అన్నాడు. అతను పరాచికం అనుకున్నాడు. సేటు మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతు తగ్గించి అన్నాడు, అందుకే నాకు భయం వేసింది. కాంట్రాక్టరు లేచి, "ఒక్క పేరు కోసం నన్నే పొమ్మంటవా?" అంటూ వెళ్ళిపోయాడు. ఆ ఎన్నికల పని ఇంకో దుకాణానికి పోయింది.

ఆ సాయంత్రం ఎందుకలా చేశావని అడిగాను. ఆయన రంగు అంటిన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మీ అక్క పేరు నీకెరికేనా?" అన్నాడు. అక్క అంటే ఆయన భార్య.

"లక్ష్మక్క గద సేటూ."

"అసలు పేరు రాజేశ్వరి. మా అవ్వ రాజవ్వ. అత్తకూ కోడలికీ ఒక్క పేరే ఉంటే ఎట్ల పిలుస్తమని పెండ్లి పందిట్లనే మార్చిండ్రు. రాజేశ్వరి అని సంబరంగ చెప్పింది పాపం, అందరు పక్కుమన్నరు. ఇద్దరు రాజవ్వలైతే ఎవలు వంట జేస్తరు, ఎవలు తింటరు అని. నేను గూడ నవ్విన. మొన్న వేములవాడ జాతరల చిన్నప్పటి దోస్తు ఎవలో 'రాజీ' అని పిలిస్తే, గక్కడనే నిలబడి ఏడ్చింది తమ్మీ. గంత ముసల్ది." ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "దుకాణంల నవ్వితే దుకాణంలనే అయిపోదు. గది వాళ్ళెంబడి ఇంటికి పోతది. మనకు మాపటికి యాది గూడ ఉండదు."

సేటు ఇప్పుడు లేడు. ఆ మాట నా దగ్గర ఉంది. ఉండి ఏం లాభం, ఇవాళ పొద్దున పనికి రాలేదు.

బ్యానర్ చుట్టి, షట్టరు దించి, మధ్యాహ్నం బండి మీద వాళ్ళ ఊరికి వెళ్ళాను. వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని మర్నాటి వంటకు కూరగాయలు తరుగుతున్నారు. లావణ్య అరుగు మీద పాపను ఒడిలో పెట్టుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"కూసో తల్లీ" అన్నాను. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాను. "పొద్దుగాల నీ బిడ్డ పేరు మీద నవ్విన. తప్పు నాది. గది నవ్వే పేరు కాదు."

కత్తిపీటల చప్పుడు ఆగింది. అత్తగారు లేచి వచ్చారు. "పొద్దుగాల నవ్వినోనివి నువ్వే, గిప్పుడు నీతి చెప్పెటోనివి నువ్వేనా? నా కోడల్ని నా మీదికి ఎగేస్తున్నవా?"

"లేదు పెద్దవ్వా. నీ మొక్కు గురించి నేనేమంటలేను. నేనన్న మాట వాపస్ తీసుకుంటున్న, గంతే."

"తీసుకుంటే పోతదా?" అన్నది లావణ్యే. కళ్ళు నా మీదే ఉన్నాయి. "ఇగ ఎవలు గా పేరన్నా సబ్బు అంటరు. పొద్దటిసంది మా ఆడబిడ్డ పిల్లలు సబ్బు సబ్బు అని ఎగురుతుండ్రు. నాకు ఏడో నెల నుంచి మంచం దిగొద్దన్నరు. పొద్దు పోక కడుపుల ఉన్న దీంతోని మాట్లాడేదాన్ని. గా పేరుతోనే. దావఖాన్ల పుట్టంగనే ఏడుస్తుంటే మైరా అన్న, చుప్ అయింది. నర్సు గూడ చూసింది. గిప్పుడు వేరే పేరంటే, గదెవరో అనుకుంటది."

అత్తగారు కోడలి వైపు తిరిగారు. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలేదే?"

"మీరడిగిండ్రా అత్తమ్మా?"

 అత్తగారి ముఖంలో కోపం ఉంది, కోపం కింద భయమూ ఉంది. కోడలు కాన్పుకు కష్టపడుతుంటే మొక్కిన మొక్కు అయి ఉండాలి అది. తీర్చకపోతే ఆ దేవుడు ఏమంటాడోనన్న భయం. నాకు నోటి దాకా ఒక సలహా వచ్చింది, ఇద్దరికీ నచ్చేలా ఎలా చేయవచ్చో. దాన్ని మింగాను. "నువ్వు పో బిడ్డా. ఇది మా ఇంటి పంచాయితీ" అన్నారామె. అది సరైన మాటే. బ్యానర్ అరుగు మీద పెట్టి వచ్చేశాను. ఉన్న గొడవను ఇంకా పెద్దది చేసి వస్తున్నానేమోనని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

దీపాలు పెట్టే వేళకు సురేష్ ఫోన్ చేశాడు.

"అన్నా, మా అవ్వ అడుగుమంటుంది. మొక్కు పేరు తొట్టెల కాడ పిల్ల చెవుల చెప్తే సాలుతదా, ఫ్లెక్స్ మీద గూడ ఉండాల్నా?"

పక్కనుంచి అత్తగారి గొంతు: "పిల్ల చెవుల చెప్తే దేవునికి ఇనబడదా? అడుగు."

ఆడపిల్లల పేర్ల గురించి నన్ను ఇంత సూటిగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంది.

"నన్నడుగకు తమ్మీ" అన్నాను. "మీ అవ్వకు ఏమనిపిస్తే గది. ఫ్లెక్స్ మీద ఏం కొట్టాల్నో మాత్రం నీ ఇంటామెను చెప్పుమను."

ఫోన్ చేతులు మారింది. పాప ఉంగా ఉంగా అనడం వినిపించింది. తర్వాత లావణ్య ఆ పేరు చెప్పింది, పొద్దున చెప్పినంత నెమ్మదిగానే. మళ్ళీ చెప్పమని నేను అడగలేదు. కొట్టి, మిషన్ ఆన్ చేశాను.