రబియా సంతకం ఉన్న పాస్

కల్వకుర్తిలో బొంతలు కుట్టే రబియాకు చదువు ముప్పై తొమ్మిదో ఏట వచ్చింది. అది కూడా కోపం వల్లనే వచ్చింది. భర్త జాఫర్ బొంబాయిలో రోడ్డు పనికి పోయి, తోటి కూలీతో ఉత్తరం రాయించి పంపాడు. చదివి పెట్టమని ఆమె కిరాణా దుకాణం అంజయ్యకు ఇచ్చింది. నలుగురు మొగవాళ్లు సామాన్లకు నిలబడి ఉండగానే అంజయ్య దాన్ని పైకి చదివాడు. నీ చేతి రొట్టె యాదికొస్తున్నది, నువ్వు లేక నిద్ర పడతలేదు అని జాఫర్ రాయించాడు. వాళ్లు నవ్వారు. అంజయ్య ఆ మాటను రెండోసారి చదివాడు. రబియా ఉత్తరం గుంజుకొని వచ్చేసి, ఆ సాయంత్రమే నిర్మలమ్మ టీచర్ నడిపే పెద్దల బడిలో పోయి కూర్చుంది. పక్కన ఎవరా అని చూస్తే వెనక వాడలో గొర్లు కాసే బీరమ్మ.

మరుసటేడు, తొంభై మూడు ఎండాకాలం నాటికి రబియా గోడల మీద సినిమా పోస్టర్లు, ఎరువుల సంచులు, బస్సు బోర్డులు ఏవీ వదలకుండా చదివేది. ఆ రోజుల్లోనే నిర్మలమ్మ టీచర్ ఒక పాస్ సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో పొద్దున ఆ పాస్ తీసుకుంటే సాయంత్రం దాకా సిటీ బస్సుల్లో తిరగొచ్చు, రెండు మ్యూజియంలు కూడా దాని మీదే చూడొచ్చు. రబియా, బీరమ్మ మొదటి బస్సుకే బయలుదేరారు. కౌంటర్ దగ్గర పాస్ మీద ఎవరి సంతకం వాళ్లే పెట్టారు.

మొదటి మ్యూజియంలో రబియా ప్రతి అద్దాల పెట్టె ముందు ఆగి, కింద అతికించిన చీటీ మొత్తం చదివింది. బీరమ్మ కాళ్లు గుంజుతున్నాయని గొణిగినా, పాత ఉన్ని అంగీ ఒకటి కనబడగానే తనే కదల్లేదు. "గీ ఉన్ని మన దిక్కు గొర్లది కాదక్కా" అని తేల్చి చెప్పింది.

రెండో మ్యూజియంకు ఎక్కిన బస్సులో కండక్టర్ వాళ్ల పాసులు చేతిలోకి తీసుకుని, మనుషులను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇవి చెల్లవు. టికెట్ తీస్కోండ్రి."

"ఎందుకు చెల్లవు?" అంది రబియా.

"గివి టూరిస్టులకిచ్చేటివి. మీరు టూరిస్టులా?"

కిటికీ పక్కన ఇద్దరు నవ్వారు. రబియా పాస్ తీసుకుని వెనక్కి తిప్పింది. "గీడ రాసున్నది సారూ. జర సదువుండ్రి."

"నాకు సదువొచ్చు. నీకొచ్చా?"

రబియా ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి చదివింది. "ఈ పాసు... జారీ చేసిన దినమున... నగరములోని అన్ని..." తర్వాత ఉన్న 'ఆర్డినరీ' అన్న మాట దగ్గర నాలుక తడబడింది. కూడబలుక్కొని మళ్లీ అంది. కండక్టర్ ఆమె పలికినట్టే సాగదీసి పలికాడు. ఈసారి బస్సులో సగం మంది నవ్వారు. రబియా ఆగలేదు. "ఆర్డినరీ బస్సులలో చెల్లును" అని చివరిదాకా చదివి, "ఇది ఆర్డినరీ బస్సే. బోర్డు సదివే ఎక్కిన" అంది.

అతను రెండు పాసులూ లాక్కొని, నడిమికి చింపి కిటికీలోంచి పారేశాడు. విజిల్ ఊది, నడి ఎండలో వాళ్లను దించేశాడు.

రబియా మొదట, కదులుతున్న బస్సు నంబర్ చదివింది. తర్వాత రోడ్డు మీద ఎగురుతున్న ముక్కలన్నీ ఏరి, సంచిలోని పెన్సిల్‌తో ఒక ముక్క మీద ఆ నంబర్ రాసుకుంది.

"పోనీ అక్కా. టికెట్ కొనుక్కొని పోదాం. అయిదింటికి బందయితదంట" అంది బీరమ్మ.

"నువ్వు పో. నేను రాను."

"నా కొడుకుతోటి లొల్లి పెట్టుకొని వచ్చిన. మళ్ల ఎప్పుడు రానిస్తరో ఏమో. నీ కోపంతోటి నా దినం ఖరాబ్ చేస్తున్నవ్."

రబియా ఆ బస్సు డిపో ఎక్కడని ఒకరిని అడిగి నడిచింది. తిట్టుకుంటూనే బీరమ్మ వెనకాల నడిచింది. దారి అడుగుతూ డిపో చేరేసరికి మూడయింది. అక్కడి అధికారి చెడ్డవాడు కాదు. కూర్చోమని మంచినీళ్లు ఇప్పించాడు. జరిగిందంతా విని, "నువ్వు చెప్పమ్మా, నేను రాస్త. కింద ఏలుముద్ర ఏద్దువు" అన్నాడు.

బస్సులో కూడా పెంచని గొంతు రబియా అక్కడ పెంచింది. "నేను ఏలుముద్ర ఏస్తనని మీకెవరు చెప్పిన్రు? కాగితం ఇయ్యిండ్రి."

బెంచీ మీద కూర్చుని గంటన్నర రాసింది. కొట్టివేతలు చాలా ఉన్నాయి. "నేను చదివితే అతను ఎక్కిరించినాడు. పాసు చింపినాడు. పాసు మీద నా సంతకం ఉన్నది. బీరమ్మ సంతకం ఉన్నది. రెండు సంతకాలు చింపినాడు" అని రాసి, ముక్కలు దానికి గుచ్చి ఇచ్చింది. అప్పటికి మ్యూజియం తలుపులు వేసే వేళయింది.

తిరుగు బస్సులో ఆమనగల్లు దాకా బీరమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. తర్వాత అడిగింది. "నా పేరు సక్కగ రాసినవా?"

"రాసిన."

నెల గడిచినా డిపో నుంచి ఏ కబురూ రాలేదు. రబియా ఇంకో అర్జీ పంపింది. జూలైలో మూడోది పంపింది. ఆగస్టులో విచారణకు రమ్మని కార్డు వచ్చింది. కొడుకు పంపకపోవడంతో బీరమ్మ ఆగిపోయింది, రబియా ఒక్కతే పోయింది. ఆ కండక్టర్ అధికారి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తప్పయింది సార్" అన్నాడు.

"సారుకు చెప్తవేంది? చింపింది నా పాస్. నాకు చెప్పు" అంది రబియా.

అతను అధికారి మొహం చూశాడు. చివరకు రబియా వైపు సగం తిరిగి ఆ మాటే మళ్లీ అన్నాడు. మూడు రోజులు డ్యూటీ ఇవ్వబోమని అధికారి అతనికి చెప్పాడు. కొత్త పాసులు ఇద్దామంటే ఎండాకాలంతోనే అవి ఆపేశారని రబియాతో అన్నాడు.

మెట్ల మీద కండక్టర్ ఆమెను దాటిపోతూ, "నా పిల్లల నోట్ల మన్ను కొట్టినవ్" అన్నాడు.

"నీ పిల్లలు బడికి పోతరా?" అని అడిగింది రబియా.

"పోతరు."

"వాళ్లు సదువుతుంటే గూడ గట్లనే ఎక్కిరిస్తవా?"

అతను గబగబా మెట్లు దిగిపోయాడు.

రెండో మ్యూజియం ఆ రోజు తెరిచే ఉంది. కానీ బీరమ్మ లేకుండా పోబుద్ధి కాక రబియా కల్వకుర్తి బస్సెక్కింది. డిసెంబర్‌లో బీరమ్మ కొడుకు మెత్తబడ్డాడు. ఇద్దరూ మామూలు టికెట్లు కొనుక్కొని పోయి చూసి వచ్చారు. గదులన్నీ తిరిగినంతసేపూ రబియా మొహం గంటు పెట్టుకునే ఉంది.

"ఇప్పుడేమైందక్కా? వచ్చినం గద" అంది బీరమ్మ.

"గీడికి రానీకి ఏడు నెలలు పట్టింది" అంది రబియా. తర్వాతి పెట్టె కింది చీటీ చదవడానికి వంగింది.