కోరెషు రాజు, కాశ్యప గోత్రం

నా చిన్నప్పుడు ఐర్లండ్‌లోని అత్లోన్ ఊళ్లో తెలుగు మాట వినపడే ఇల్లు మాదొక్కటే. నాన్న అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. అమ్మేమో ఆ చలిని తిట్టుకుంటూ, ఇడ్లీ పిండి పులియలేదని విసుక్కుంటూ ఇల్లు నడిపేది. మేము అద్దెకున్న ఇంటి ఓనరు పక్క వీధిలో ఉండే పెద్దావిడ, ఇంటావిడ అనేవాళ్లం. భర్త పోయాడు, పిల్లల్లేరు, చర్చికి వెళ్లని రోజు లేదు. నేను ఎక్కడ కనపడినా కోటు జేబులోంచి ఒక బిస్కెట్టు తీసి ఇచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తాతయ్య, నాన్న వాళ్ల నాన్న, ఆర్నెల్లు ఉందామని వచ్చారు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆయన వచ్చిన నెలకే మేము ఊరికి ఆ చివర ఇంకో ఇంటికి మారాం. పెట్టెలు మోయడానికి ఇంటావిడ కూడా సాయం వచ్చింది. ఆ హడావిడిలో అమ్మ మేడ మీంచి, "మావయ్యగారూ, ప్రెస్‌లోవి తెచ్చేశారా?" అని కేకేసింది. తాతయ్య ధీమాగా "తెచ్చేశానమ్మా" అన్నారు. ఐర్లండ్‌లో ప్రెస్ అంటే గోడ బీరువా. అమ్మ నోటికి ఆ మాట అలవాటైపోయింది. తాతయ్యకి మాత్రం ప్రెస్ అంటే ఇస్త్రీ. ఆయన ఇస్త్రీ బట్టల మూట ఒళ్లో పెట్టుకుని భద్రంగా కారెక్కారు.

వినాయక చవితి ఇంక మూడు రోజులుందనగా అమ్మ పూజ సామాను కోసం పెట్టెలన్నీ విప్పింది. ఎక్కడా లేదు. ఇత్తడి కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణె, గంట, బొటనవేలంత కృష్ణుడు. మా అమ్మమ్మ పోయేముందు తన చేత్తో అమ్మకిచ్చినవి. అమ్మమ్మ గుర్తుగా ఈ దేశంలో అమ్మకున్నవి అవే. ప్రెస్‌లోవి తెచ్చాను కదమ్మా అని తాతయ్య మళ్లీ అన్నారు. ఇంకేముంది, అమ్మ అనుమానం ఇంటావిడ మీదికి పోయింది. పెట్టెల మీద చెయ్యేసిన పై మనిషి ఆవిడొక్కతే కదా. మన దేవుళ్లంటే వాళ్లకి బొమ్మలు, ఏ చెత్తబుట్టలోనో పడేసి ఉంటుంది అని ఏడ్చింది. ఫోన్ చేసి అడుగుదామని నాన్న అంటే, ఏమని అడుగుతారు, దొంగవా అనా, అని నోరు మూయించింది.

మర్నాడు కొట్టు దగ్గర ఇంటావిడ నన్ను చూసి నవ్వి, జేబులో చెయ్యి పెట్టింది. నేను మొహం తిప్పుకుని పరిగెత్తుకొచ్చేశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు అమ్మకి చెప్పాను కూడా.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆవిడే సంచీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఒక్కొక్క వస్తువూ న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చింది. అన్నీ తోమి తళతళలాడుతున్నాయి. కృష్ణుణ్ణి మాత్రం వేరేగా, ఉతికిన తెల్ల చేతిరుమాల్లో పెట్టింది. ప్రెస్ పై అరలో ఉండిపోయాయనీ, దేవుడివి కదా దుమ్ముతో ఇవ్వడమెందుకని తుడిచాననీ చెప్పి, "నేను ముట్టుకోవచ్చో లేదో తెలీదు, తప్పయితే ఏమీ అనుకోకు" అంది అమ్మతో. అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని కూర్చుంది. ఆవిడేమో అక్కడివాళ్లు పర్లేదనడానికి అనే మాట, గ్రాండ్, గ్రాండ్ అంటూ లేచి, వెళ్తూ వెళ్తూ బల్ల మీద నాకో బిస్కెట్టు పెట్టి వెళ్లింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బిస్కెట్టు తినలేకపోయాను.

ప్రెస్ అంటే ఏమిటే అని తాతయ్య నన్నడిగితే, వంటింటి బీరువా తలుపు తీసి చూపించాను. ఆయన ఆ తలుపు తనే మూసి అమ్మ దగ్గరికి వెళ్లారు. "తప్పు నాదమ్మా, నా ఇస్త్రీ బట్టలు ఒక మంచి మనిషిని దొంగని చేశాయి" అన్నారు అమ్మతో.

ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోరెషు రాజు కథ చెప్పారు. చరిత్ర పుస్తకాల్లో సైరస్ అంటారే, ఆ పారశీక చక్రవర్తే. బబులోను రాజు యెరూషలేములో యూదుల గుడి కూలగొట్టి, గుడిలో వెండి బంగారు పాత్రలు దోచుకుని, మనుషుల్ని చెరపట్టుకుపోయాడట. ఏళ్లు గడిచాక కోరెషు బబులోనుని గెలిచి, మీ ఊరు మీరు వెళ్లండి, మీ గుడి కట్టుకోండి అని యూదుల్ని పంపేశాడు. ఆ పాత్రలు కూడా తిరిగి ఇప్పించాడు. ఆయన కొలిచే దేవుడు వేరు. రాజన్నాక ఆయన ఎత్తులు ఆయనకుంటాయి, అలా ఇంకా చాలామంది గుళ్లు నిలబెట్టాడంటారు అని కూడా చెప్పారు తాతయ్య, మాస్టారు కదా. "అయినా యూదులు మాత్రం మర్చిపోలేదే. తమ రాజులకీ పూజారులకీ వాడే అభిషిక్తుడన్న మాటని, బయటివాడైన ఆ రాజుకి తమ పవిత్ర గ్రంథంలో రాసి పెట్టుకున్నారు" అన్నారు. అమ్మ కూరలు తరుగుతూ అంతా వింటోంది.

చవితి పొద్దున తాతయ్య పూజకి కూర్చుని సంకల్పం మొదలుపెట్టారు. మన గోత్రం, ఇంట్లోవాళ్ల పేర్లు దేవుడికి విన్నవించుకోవడమే సంకల్పం. మా నలుగురి పేర్లూ అయ్యాక అమ్మ చటుక్కున ఇంటావిడ పేరు చెప్పింది. నాన్న తెల్లబోయి, ఆవిడకి గోత్రమేమిటి అన్నారు. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యపమేరా అని తాతయ్య తడుముకోకుండా చదివేశారు. పొద్దున్నే ఏడవకూడదంటూనే అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఐర్లండ్‌లోనే క్లోనీ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఎవరి మీదైనా అనుమానం వచ్చినప్పుడు, నేను విన్న మాట సరిగ్గానే విన్నానా అని ముందు నన్ను నేను అడుగుతాను. ఏటా చవితికి ఇంటివాళ్ల తర్వాత ఆవిడ పేరు చెప్పిస్తాను. మొన్న మా మనవరాలు తన ఐరిష్ యాసలో, ఈ సంగతి ఆవిడకి తెలుసా అమ్మమ్మా అనడిగింది. తెలీదు. చెబుదామని నేను వెళ్లేసరికే ఆవిడ పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఇన్నేళ్లుగా వింటున్నాడు కదా, మా దేవుడికి ఆవిడ పేరు నోటికి వచ్చేసి ఉంటుంది.