సముద్రం మరీ ఎక్కువగా కనిపిస్తోంది

మా బాబాయి ఏ హోటల్లో దిగినా, ఇచ్చిన గది మార్పిస్తే తప్ప చొక్కా విప్పడు. గది బాగోలేకపోతే మార్చమని అందరూ అడుగుతారు, అందులో వింతేముంది? మా బాబాయి గది బాగుంటేనే మార్చమంటాడు.

ఊళ్ళో ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం. అందరి చూపూ సరిచేసే మనిషికి మంచి గదిలో మంచి మాత్రం కనపడదు. ఏటా వేసవిలో నాలుగు రోజులు దుకాణానికి తాళం వేసి, పిన్నినీ నన్నూ వెంటేసుకుని సముద్రం ఒడ్డున చిన్న చిన్న హోటళ్ళకి బయల్దేరేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ నాలుగు రోజులూ నేనే వాళ్ళ సంతానం.

నేను విన్న మొదటి ఫిర్యాదు ఇప్పటికీ గుర్తుంది. మేడ మీద గది. తలుపు తీయగానే ఎదురుగా సముద్రం, మంచాల మీద ఉతికిన దుప్పట్లు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తేలోపు బాబాయి కిందికి దిగిపోయాడు.

"ఇదేం గదండీ?"

"ఏమైంది సార్? మా హోటల్ మొత్తానికి అదే మంచి గది."

"సముద్రం మరీ ఎక్కువగా కనిపిస్తోంది."

మేనేజరు కలం కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "తగ్గించడానికి వీలవదు సార్."

"అయితే గది మార్చండి. వెనకవైపు ఏదైనా ఉంటే చూడండి."

ఆ నాలుగు రోజులూ బట్టలుతికే చప్టా పక్క గదిలో గడిపాం.

ఇంకోచోట మంచం మరీ మెత్తగా ఉందన్నాడు. "పడుకుంటే చాలు, నిద్ర పట్టేస్తుంది. నిద్రపోవడానికా ఇంత దూరం వచ్చింది?" మరోచోట గాలి మరీ ధారాళంగా వస్తోందన్నాడు. భోజనాల గదిలోనూ ఇదే వరస. కిటికీ పక్కన మంచి బల్ల చూపిస్తే దాన్ని అటూ ఇటూ కదిపి చూసి, "ఇదసలు ఊగట్లేదే!" అని పెదవి విరిచి, చేతులు కడుక్కునే చోటు పక్కనున్న కుంటి బల్లకి మమ్మల్ని తరలించేవాడు. అక్కడ ఒక చేత్తో బల్ల పట్టుకుని ఒక చేత్తో చేపల వేపుడు తినడం నాకు చిన్నప్పుడే పట్టుబడింది.

"వాడికి సుఖపడే రాత లేదురా," అనేవారు మా నాన్న. మా ఇంట్లో అందరం ఆ మాట నమ్మాం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వంటింటి పక్క గదుల్లో ఉండడం వల్ల వేడి వేడి వేపుడు అందరికన్నా ముందు మాకే అందేది.

పాపం, పిన్ని సంగతే చెప్పలేం. ఇన్నేళ్ళ సముద్ర విహారాల్లో ఆవిడకి కిటికీలోంచి కనిపించినవి నీళ్ళ ట్యాంకు, ఇటుక గోడ, ఆరేసిన దుప్పట్లు, ఒకచోట మేనేజరుగారి అత్తగారు.

పెళ్ళయి పాతికేళ్ళు నిండిన ఏడాది పిన్ని పట్టుబట్టింది.

"ఏమండీ, ఒక్కసారి, పొద్దున్నే పక్క మీంచి లేవకుండా సముద్రం చూడాలని ఉందండీ."

"దానికేం, చూద్దువుగాని."

"అలా కాదు. గదికి వంక పెట్టనని ఒట్టెయ్యండి."

అప్పటికి ఉద్యోగం చేసుకుంటున్న నా నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు బాబాయి.

ఈసారి హోటల్లో కింద, ముందువైపు, మూడు మంచాల గది దొరికింది. మంచం పక్కనే కిటికీ. కిటికీ నిండా సముద్రం. తాళంచెవి తీసుకుంటుండగా మా వెనక చేతికర్రతో ఒక ముసలావిడ, ఆవిడ కూతురూ వచ్చి నిలబడ్డారు.

"సముద్రం కనిపించే గది ఏదీ లేదాండీ?" అని అడుగుతోంది కూతురు. "మా అమ్మ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూళ్ళేదు. మోకాళ్ళ నొప్పులు, ఇసకలో నడవలేదు."

"లేదమ్మా. వంటింటి పక్కది ఒక్కటే ఉంది."

"పోనీలేవే," అంది ముసలావిడ. "చప్పుడు వినిపిస్తుందిగా."

నేను సామాన్లు మోసే హడావిడిలో ఉన్నాను. బాబాయి మాత్రం తాళంచెవి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

మధ్యాహ్నం భోజనంలో మాకు ఊగని బల్ల ఇచ్చారు. బాబాయి దాన్ని కదిపైనా చూడకుండా కూర్చున్నాడు.

"గది బాగుంది కదండీ?" అంది పిన్ని.

"బాగుంది."

"బల్ల?"

"బల్లా బాగుంది."

ఆ మాటలంటుంటే ఆయన మొహం వేపాకు నమిలినట్టుంది. ఒకసారి ఆ మూల తింటున్న తల్లీకూతుళ్ళని చూస్తాడు, ఒకసారి నా నెత్తి చూస్తాడు.

అప్పుడు తట్టింది నాకు. మెత్తటి మంచం నచ్చని రోజున మా వెనక నడుం పట్టేసిన పెద్దాయన నిలబడి ఉన్నాడు. సముద్రం ఎక్కువైన రోజున కొత్తగా పెళ్ళయిన జంట. మా గది మీరు తీసుకోండి అని ఇస్తే వాళ్ళు మొహమాటపడాలి, దండాలు పెట్టాలి. ఎవరో వంకపెట్టి వదిలేసిన గదికి ఆ బాధ లేదు. ఇలాంటి మనిషి కుంటి బల్ల దగ్గర పెరిగాను గదా అని నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది.

నేను నోరు తెరిచేలోపు పిన్ని చెయ్యి కడుక్కుని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఎన్నడూ గొంతు పెంచి ఎరగని పిన్ని!

"ఏం గదండీ అది? మనుషులుండేదేనా?"

భోజనాల గదంతా అటు తిరిగింది. మేనేజరు లేచి నిలబడ్డాడు. "ఏమైందమ్మా?"

"సముద్రం మరీ ఎక్కువగా కనిపిస్తోంది! కళ్ళు మూసుకుంటే హోరు, తెరిస్తే నీళ్ళు! నాకు వంటింటి పక్క గదే కావాలి. ఇది ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి."

బాబాయికి పొలమారింది. పిన్ని వచ్చి నెత్తిన తట్టి మంచినీళ్ళిచ్చింది.

"అదేంటే? ఒట్టేయించుకుని మరీ..."

"ఒట్టేసింది మీరు. నేను కాదు."

"నీకు ఎప్పట్నుంచి తెలుసే?"

"పెళ్ళయిన మూడో నెల్నుంచి. దిండు మరీ తెల్లగా ఉందని గొడవ చేశారే, ఆ రోజునుంచి."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటా అనలేదేం?"

"అంటే సిగ్గుపడి మానేస్తారని."

సామాను మార్చేటప్పుడు మాత్రం పిన్ని ఆ కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగింది. ఆశ పడ్డ మాట అబద్ధం కాదుగా.

మర్నాడు పొద్దున్నే కూతురొచ్చి మా తలుపు తట్టింది. "మిమ్మల్ని టీకి రమ్మంటోంది మా అమ్మ."

వెళ్ళాం. ముసలావిడ దిండుకి ఆనుకుని సముద్రం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. పిన్నిని చెయ్యిపట్టి మంచం మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని, కాళ్ళ మీద దుప్పటి కూడా కప్పింది. పిన్ని చేతిలో టీ, కళ్ళ ముందు సముద్రం.

అప్పుడు ముసలావిడ బాబాయికేసి తిరిగింది.

"ఏం నాయనా, ఈవిడ మొగుడివి నువ్వేనా? ఇంత మంచి గదికి వంక పెడుతుందేం ఈవిడ? కాస్త సర్దుకుపోవడం నేర్పకూడదూ?"

బాబాయి చేతులు జోడించాడు.

"చెప్పి చూశానండీ. వినదు."

పాతికేళ్ళలో పిన్ని గురించి ఆయన అంత గర్వంగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.