పోలీసులు వద్దన్న వ్యాను

పోలీసులు వద్దని వదిలేసిన బండిని రిపేరు జేసి మరీ అప్పజెప్పినోన్ని మీరెన్నడన్న చూసిండ్రా? చూడకపోతే గిప్పుడు నన్ను చూడుండ్రి.

గవి నక్సలైట్ల రోజులు. జగిత్యాల దిక్కు పొద్దుగూకితే రోడ్డు మీద బండి కనవడేది కాదు. పగటిపూట కనవడితే పోలీసులు బందోబస్తుకని గుంజుకునేటోళ్లు. గందుకే మంచి బండి ఉన్నోడు గూడ 'ఖరాబైంది సార్' అని ఏడుస్తుండె.

నా పెట్రోల్ వ్యాను ఇంజన్ బిగుసుకపోతే, కోరుట్లల షెడ్డు నడిపే మా బామ్మర్ది రాజేశం వేరే ఇంజన్ దెచ్చి ఎక్కించిండు. తెల్లారితే ఆయన బిడ్డ పెండ్లి, రాయికల్ల. "ట్రాక్టర్ల పోతే మొఖమంత దుమ్మయితది మామా, నీ వ్యాన్లనే తీస్కపోవాలె" అని పిల్ల అడిగింది. మాటిచ్చిన.

ఇగ మిగిలింది ఆక్సిజన్ సెన్సర్. సైలెన్సర్ పైపుకు ఉంటది. పొగ వాసన జూసి ఇంజన్‌కు పెట్రోలు ఎంత వొయ్యాల్నో చెప్తదట. పెట్రోలు పోసుటానికి ముక్కెందుకో! కొత్తదానికి నాలుగు వైర్లు, రంగులు పాతవాటికి కలుస్తలేవు. జగిత్యాల పోయి ఎలక్ట్రీషియన్‌ను అడిగొస్త, ముట్టకు బావా అని రాజేశం పోయిండు. షెడ్డు వెట్టుకున్నోనికి నాలుగు వైర్లంటే భయం. నేను సిరిసిల్లల సాంచెలు, గదే బట్టనేసే మరమగ్గాలు, నడిపినోన్ని. నూలు చుట్టిన భీము అయిపోతే కొత్త భీముకు వేల పోగులు అతికినోన్ని. రంగెవడు జూస్తడు? మొదటి పోగు మొదటిదానికి, రెండోది రెండోదానికి. గదే లెక్కన వైర్లు వరుసగ వెట్టి మెలేసిన, టేపు చుట్టిన. ఒక్క రంగున్న జంట వైర్లు పాతదాంట్లయినా కొత్తదాంట్లయినా సెన్సర్‌ను వేడిజేసే హీటర్‌వేనట, జంటకు జంటే కలపాలెనట అని రాజేశం వచ్చి చెప్తుంటే, అంత అయిపోయింది పో అన్న.

తెల్లారి పెండ్లిపిల్ల, ఆడోళ్లు నా వ్యాన్ల ఎక్కిండ్రు. రాజేశం, మిగితోళ్లు ఎనుక ట్రాక్టర్ల. వ్యాను కప్పలెక్క ఎగురుడు, నల్లపొగ, పెట్రోలు కంపు. పిల్ల కొంగు ముక్కుకు వెట్టుకోని, "ట్రాక్టరే నయముండె" అన్నది.

నడుమ చెక్‌పోస్టు. బందోబస్తుకు బండి గావాలన్నరు. 'లోపట పెండ్లిపిల్ల ఉన్నది సార్' అని నేను దండం వెట్టినా ఇనలే. వాళ్ల డ్రైవర్ ఎక్కి సెల్ఫ్ కొట్టిండు. ఎస్సై బట్టల మీదంత పొగ.

డ్రైవర్ దగ్గుకుంట దిగి, బండి కిందికి వంగి చూసిండు. "గీ డొక్కు మనకెందుకు సార్? ఎవడో చేతగానోడు వైర్లు కలిపిండు."

ఎస్సై పొమ్మన్నడు. పోవాల్నా వద్దా? పోలే. చేతగానోడట! జీపు తోలేటోడు నన్ననుడా?

"ఇంజన్ మంచిదే సార్. రెండు వైర్లు అటిటయినయి, గంతే" అన్న.

"పోదాం పా మామా" అని పిల్ల లోపటికెల్లి నా అంగి గుంజుతనే ఉన్నది. ఇన్ననా? బండి కిందికి దూరిన. మోచెయ్యి సైలెన్సర్‌కు చుర్రుమన్నది. రాజేశం చెప్పిన తీరుగ జంటకు జంట కలిపిన. సెల్ఫ్ కొడితే ఇంజన్ మెత్తగ నడిచింది, పొగ లేదు. డ్రైవర్ దిక్కు మీసం దువ్వుకుంట చూసిన. డ్రైవర్ ఎస్సై దిక్కు చూసిండు.

"ఆడోళ్లను దించు" అన్నడు ఎస్సై.

అందరం ట్రాక్టర్ ఎక్కినం. కొద్దిదూరం పోయినమో లేదో, పోలీసులను నింపుకోని నా వ్యాను మమ్ముల దాటింది. ఒక్క ఎగురుడు లేదు. దాని దుమ్మంత పెండ్లిపిల్ల మొఖం మీదనే.

రాజేశం వ్యాను పోయిన దిక్కే చూసుకుంట, "గిప్పుడు మంచిగ కలిపినవు బావా వైర్లు" అన్నడు.