దిష్టి మేకు

ప్రమోదినిని కంచిలి చుట్టుపక్కల ఊళ్లలో గయ్యాళి అంటారు. అననివ్వండి. జీడితోటల మీద మందు కొట్టే డ్రోను ఆమెది. తోటలో అడుగు పెట్టగానే కత్తులు, తాళాలు, బండి, ఇనుమన్నది ఏదున్నా కంచె అవతల పెట్టించేస్తుంది. అప్పుడే మొగుడూ తనూ డ్రోనును చెరోవైపు ఎత్తి పట్టుకుని, చుట్టూ తిప్పుతూ దాని దిక్సూచికి దిక్కులు నేర్పుతారు. దగ్గర్లో ఇనుముంటే అది తప్పు నేర్చుకుంటుంది.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. పోయిన ఖరీఫులో టెక్కలి దగ్గర వరిచేలో, తొందరపడి ట్రాక్టరు పక్కనే ఆ పని కానిచ్చేసింది. లేచిన డ్రోను దారితప్పి మొగుడు జానకిరామ్ మీదికి వచ్చిపడింది. అతను అడ్డం పెట్టిన చేతి వేళ్లు బురదలో ఏరుకోవలసి వచ్చింది. తన డ్రోను కింద ఇంకో మనిషి నెత్తురు పడకూడదని ఆ రోజే పంతం పట్టింది.

తిరుపతిరావు తోటలో ఆ పంతానికి పరీక్ష వచ్చింది. తిరుపతిరావుకి నోటికన్నా ముందు చెయ్యి లేస్తుంది. ఏ కూలీ అతని దగ్గర నిలవడు. జీడిపూతకు దోమ పట్టిందని పొద్దుటే కబురంపాడు. మొగుడూ పెళ్లాలూ డ్రోనుకు దిక్కులన్నీ సరిచూసి, మందు కలపడానికి బోరు దగ్గరికి వెళ్లారు. తిరిగొచ్చి ప్రమోదిని రిమోటు తెర చూసింది. డ్రోను ముక్కు సముద్రం వైపుంటే, తెర మీద బాణం ఉత్తరాన ఇచ్ఛాపురం వైపు చూపిస్తోంది. సముద్రం ఎటుందో ఈ ఉద్దానం తీరంలో పుట్టినదానికి ఒకరు చెప్పాలా?

వంగి చూసింది. డ్రోను కాలికి నల్లదారం, నిమ్మకాయ, పక్కనే ఇనప మేకు. తిరుపతిరావు తల్లి అసిరమ్మ కట్టింది.

"గాల్లో ఎగిరేదానికి అందరి కళ్లూ తగుల్తాయి గదమ్మా. ఇనుముంటే దిష్టి రాదు," అంది ముసలమ్మ ప్రేమగా.

"నీ మనసు మంచిదే పెద్దమ్మా. కానీ ఈ మేకు దాని బుర్ర తిప్పేత్తాది. మల్లీ మొదట్నుంచి సెయ్యాల," అంటూ ప్రమోదిని దారం తెంపింది.

తెంపిందో లేదో చెంప ఛెళ్లుమంది.

"మాయమ్మ కట్టిన రక్ష తెంపుతావేటే? పొద్దుట్నుంచి ఏటి నీ నాటకం?" తిరుపతిరావు అరిచాడు.

జానకిరామ్ వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. వేళ్లు లేని చేతికి పట్టేముంటుంది? తిరుపతిరావు అతన్ని కింద పడేసి డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. ముక్కులోంచి కారిన నెత్తురు ఎండాకుల మీద పడింది. మీదపడి రక్కిన ప్రమోదినిని జుట్టు పట్టి ఈడ్చి పారేశాడు. మేకున్న దారాన్ని మళ్లీ డ్రోను కాలికి చుట్టి రిమోటు లాక్కున్నాడు.

"ఎగరేత్తే దిగిపోద్ది నీ పొగరు!"

డ్రోను లేచింది. నిలవకుండా పక్కకు జారి, చుట్లు తిరుగుతూ కంచె దగ్గరున్న అసిరమ్మ మీదికి దిగసాగింది. తిరుపతిరావు ఒకవైపు తోలితే అది ఇంకోవైపు పోతోంది.

"అమ్మా, తప్పుకోయే!" అని గావుకేక పెట్టాడు. ముసలమ్మ కంచె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

ప్రమోదిని జీడిపళ్లు రాల్చే దోటి అందుకుని పరుగెత్తింది. ఆ డ్రోనే తన కూడు. అయినా బలంకొద్దీ కొట్టింది. డ్రోను జీడిమానుకు కొట్టుకుని ముక్కలైంది. విరిగిన రెక్క ఒకటి ఎగిరి ఆమె భుజంలో దిగింది.

అసిరమ్మ తన కాళ్ల దగ్గర పడ్డ నెత్తురు చూసింది. ప్రమోదిని చేతిలోంచి దోటి తీసుకుని కొడుకు వీపు మీద కొట్టింది. ఊరందరినీ కొట్టినవాడు చేతులు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు.

"దిష్టి ఎక్కడో ఉందనుకున్నాన్రా. నా కడుపునే పుట్టింది!"

చేతులు పడిపోయేదాకా కొడుతూనే ఉంది.

భుజం మానాక ప్రమోదిని అద్దె డ్రోనుతో మళ్లీ తోటల్లో దిగింది. ఆమె వస్తే చాలు, అసిరమ్మ తన పేరనే ఉన్న ఆ తోట కంచె దగ్గర బుట్ట పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ల కత్తులూ తాళాలూ అందులో వేయించుకుంటుంది. కొడుకుని మాత్రం ఒట్టిచేతులతో వచ్చినా లోపలికి రానివ్వదు.