గూడబాతుకు నేర్పబోయి…

పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. నాకు కొత్తగా పెళ్లయింది. అత్తవారిది కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున పల్లె. తాటిచెట్టు మీది గూట్లోంచి పడిన గూడబాతు (ముక్కు కింద సంచి ఉండే కొంగలాంటి పక్షి) పిల్లను నా భార్య చేపలు పెట్టి పెంచింది. రెక్కలు ఎదిగినా అది ఎగరదు. తోటి పక్షులన్నీ వెళ్లిపోతున్నాయి. ఒంటరిగా మిగిలితే ఊరకుక్కల పాలవుతుందని ఆవిడ బెంగ.

"ఏవండీ, అన్ని పుస్తకాలు చదువుతారు కదా, దీనికేదైనా ఉపాయం చూడండి" అంది.

బడి మెట్లెక్కకుండా సొంతంగా చదువుకున్నవాణ్ణి, పౌరుషమొచ్చింది. పిల్లను చంకన పెట్టుకుని గడ్డివామి ఎక్కాను. అది ముక్కుతో నా చొక్కా పట్టుకుని వదల్లేదు. విడిపించి పక్కన నిలబెట్టి, రెక్కలెలా ఆడించాలో చేతులతో చూపిస్తుంటే కాలికింద గడ్డి జారింది. కేకపెట్టి పెంటకుప్పలో పడ్డాను. ఆ కేకకు బెదిరి పిల్ల దూకేసింది. నేలను తాకబోతూ రెక్కలు విప్పి, తాటిచెట్లు దాటి కొల్లేటివైపు వెళ్లిపోయింది.

"ముందు మీరు నేర్చుకోవాల్సిందండీ అల్లుడుగారూ!" అన్నారు మామగారు. వీధంతా నవ్వులు.

ఇప్పటికీ ఆ ఊళ్లో నన్ను 'ఎగరబోయి పడ్డ అల్లుడు' అంటారు. శుద్ధ అబద్ధం! నేను జారాను, అంతే. ఆ రోజు పెంటలో ఉన్న నన్ను నా భార్య చూడనేలేదు. ఆకాశంలోకి చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది. ఆ ఒక్కదానికి మాత్రం నాకు కోపం రాలేదు.