సర్దార్ భాయ్ తెచ్చిన తేలిక తుపాకులు

సర్దార్ భాయ్ జీవితంలో ఒక్క గుండు పేల్చి ఎరగడు. సౌదీలోని ఖమీస్ ముషైత్ బజారులో పందొమ్మిదేళ్లుగా తుపాకుల దుకాణంలో పనిచేస్తున్నాడన్న మాటే గానీ, రోడ్డు మీద లారీ టైరు పేలితే 'యా అల్లా' అంటూ గుండె పట్టుకుంటాడు. ఆయనది ప్రొద్దుటూరు పక్క పల్లె. నాది జగిత్యాల, పేరు లింబాద్రి. ఆ వరసలోని ఇరవై దుకాణాల ఏసీలు నా చేతి చలవతోనే నడుస్తున్నాయి. నాకు ఓపిక తక్కువ, ఆయనకు మరీ ఎక్కువ. అందుకే మాకు పొత్తు కుదిరింది.

దుకాణం అబూ సాద్‌ది. సర్దార్ భాయ్‌కి వీసా ఇచ్చిన కఫీల్ కూడా ఆయనే. వేట తుపాకులు, గాలి తుపాకులు, గుడారాలు, బైనాక్యులర్లు అమ్ముతారు. ఇవిగాక ఇంకో రకం ఉంది. ఈ కొండల్లో పెళ్లంటే మగవాళ్లు భుజం భుజం కలిపి నిలబడి, పాటకు తగ్గట్టు తుపాకులు తిప్పుతూ, ఎగరేసి పట్టుకుంటూ ఆడతారు. ఆ ఆటను అర్దా అంటారు. పెళ్లిళ్లలో కాల్చకూడదు కాబట్టి ఆటకని పేలని తుపాకులు కొంటారు. పైకి అచ్చం తుపాకీయే, లోపల గుండు పోయే దారే ఉండదు.

రెండేళ్లుగా బేరాలు పడిపోయాయి. మొన్నటి ఎండాకాలం ముందు అబూ సాద్ మిగిలిన పెట్టుబడి ముప్పై వేల రియాళ్లు బయటికి తీసి, ఇదే ఆఖరని చెప్పేశాడు. ఈ పెళ్లిళ్ల సీజన్లో సరుకు కదిలితే సరే, లేకుంటే షట్టర్ దించేస్తాడు. షట్టర్ దిగితే సర్దార్ భాయ్‌కి ఎగ్జిట్టే, మూటాముల్లె సర్దుకుని ఇంటికే. యాభై మూడేళ్ల మనిషికి మళ్లీ వీసా ఎవడిస్తాడు? చిన్న కూతురు ఖాలిదా కడపలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది.

అబూ సాద్‌కు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. అందుకని రియాద్‌లోని హోల్‌సేల్ వాళ్ల దగ్గరికి మేనల్లుడు హాదీని, సర్దార్ భాయ్‌ని పంపాడు. తుపాకుల కాగితాల మీద మనలాంటి పరాయి దేశపోళ్ల పేరు చెల్లదు. సంతకం హాదీది, ఎంపిక సర్దార్ భాయ్‌ది. ఇన్నేళ్లలో ఆయన్ను 'నువ్వు ఎంచు' అన్నది అదే మొదటిసారి. పోయేముందు రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నాడు, పెళ్లిచూపులకు పోతున్నట్టు.

అక్కడ హాదీ కన్ను ఒక జోడు గొట్టాల వేట తుపాకీ మీద పడిందట. దాని మీద వెండితో జింకలు చెక్కారట. అదొక్కటి కొంటే సగం పెట్టుబడి హరీ. దాన్ని చూడటానికి ఊరంతా వస్తారు, ఫోటో దిగుతారు, పోతారు, కొనేవాడు మాత్రం రాడు అని సర్దార్ భాయ్ గంటసేపు నచ్చజెప్పాడట. పైగా వేట చలికాలం మాట, మనకు కావలసింది ఎండాకాలం పెళ్లిళ్ల సరుకు. చివరికి హాదీ మూతి ముడుచుకుని ఒప్పుకున్నాడు. ఇక ఆట తుపాకుల్లో రెండు రకాలు చూపించారు. ఇనుము, గట్టి చెక్కతో చేసినవైతే ఆ డబ్బుకు ముప్పై వస్తాయి, అల్యూమినియంతో చేసిన తేలికవైతే నలభై. సర్దార్ భాయ్ గోదాము మూలకు పోయి రెండు రకాలనూ ఒంటి చేత్తో లేపి చూసి, నలభై తేలికవే కట్టించుకుని వచ్చాడు.

పెట్టె విప్పి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. నా స్పానర్ల సంచి దీనికంటే బరువుంటుంది.

"సర్దార్ భాయ్, గివి తుపాకులా, కందికట్టెలా?"

"నవ్వబాకబ్బా లింబాద్రీ. పీరు ఎత్తినోన్ని నేను. బరువు పట్టుకోని ఎగరడమంటే ఏందో నా భుజానికి తెలుసు. ఆటాడే వస్తువ తేలిగ్గా ఉండాల."

వాళ్ల ఊర్లో పీర్ల పండక్కి పెద్ద పీరును ఎత్తేది వాళ్ల ఇంటివాళ్లేనట. మా ఊర్లో నేనూ డప్పులకు అలావ్ నిప్పుల గుండం చుట్టూ ఎగిరినవాణ్నే, పీరు మోసేవాళ్ల చేతులు ఎట్లా పీక్కుపోతాయో చూసినవాణ్నే. కాబట్టి నిజమే కదా అనిపించింది. ఇద్దరు తెలివైనవాళ్లం కలిసి ఒక్క సంగతి మరిచాం. పీరు చేతులు మారుతుంది, ఒకడు అలిసిపోతే ఇంకొకడు అందుకుంటాడు. ఇక్కడ ఎవడి తుపాకీ వాడిదే. దాని బరువే వాడి మగతనం.

ఆ ముక్క మొదటి బేరంలోనే తెలిసొచ్చింది. నలుగురు కుర్రకారు వచ్చారు. అందులో ఒకడు బరువు తుపాకీకి అలవాటు పడ్డ చేత్తో దీన్ని ఎగరేశాడు. అది పోయి పైకప్పుకు తగిలి, నేను వారం కిందట బిగించిన ఏసీ జాలీని ఊడగొట్టి, వాడి వెనకాల పడింది. నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆట బొమ్మల దుకాణం ఎదురు వరసలో కదా ఉండేది అన్నాడొకడు. ఇంకొకడు అదంతా వీడియో తీశాడు. సాయంత్రానికల్లా బజారు మొత్తం ఫోన్లలో అదే. నాకు ఒళ్లు మండింది, జాలీ విరిగినందుకు కూడా.

నెల తిరిగేసరికి రెండే అమ్ముడుపోయాయి, అవీ చిన్నపిల్లలకు. మిగతా టైమంతా ఈగలు తోలుకోవడమే. కంటి కట్టు విప్పుకుని వచ్చిన అబూ సాద్ గోడ పొడుగునా నిలబడ్డ సరుకు చూశాడు. అరవలేదు. వచ్చే నెలాఖరుకు మూసేద్దామని, ఎగ్జిట్ వేయిస్తానని, నీ తప్పేమీ లేదని మెల్లగా చెప్పి పోయాడు. తిట్టినా బాగుండేది. సర్దార్ భాయ్ ఇంటికి ఫోన్ చేసి మాబున్నీ వదినతో వానల గురించి, శనగ పంట గురించి అరగంట మాట్లాడాడు, అసలు మాట తప్ప. చెప్పవేమని నేను కోప్పడ్డాను.

"చెప్తే ఆ పిల్ల సదువు మానేస్తానంటాది, లింబాద్రీ," అన్నాడు. నా కోపం అక్కడే చల్లారిపోయింది.

తర్వాతి సోమవారం నేను నిచ్చెనెక్కి అక్కడే ఫిల్టర్ కడుగుతున్నాను. ఒక ముసలాయన చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఇంట్లో ఉన్న పాత తుపాకీకి తోలు పట్టీ కావాలన్నాడు. పట్టీ తేవడానికి సర్దార్ భాయ్ లోపలి గదిలోకి పోయాడు. ఊరికే నిలబడలేక ముసలాయన గోడకున్న తుపాకీ ఒకటి తీశాడు. ఒకసారి తిప్పాడు. అటూ ఇటూ చూశాడు. నిచ్చెన మీది మెకానిక్కును ఎవడు మనిషిగా లెక్కేస్తాడు? కర్రను కౌంటరుకు ఆనించి మళ్లీ తిప్పాడు. జానెడు ఎత్తు ఎగరేసి పట్టుకున్నాడు. గొంతులోనే ఏదో పదం అందుకున్నాడు. ఫిల్టర్లోని మురికి నీళ్లు నా మోచేతి మీదుగా చంకలోకి కారుతున్నా నేను కదల్లేదు.

సర్దార్ భాయ్ పట్టీతో వచ్చి చూసి బిగుసుకుపోయాడు. ఇవి ఎంచింది ఎవరని ముసలాయన అడిగాడు. ఇంకో విడత అక్షింతలు పడతాయనుకుని, నేనే, తప్పయిపోయిందన్నాడు ఈయన తల దించుకుని.

"తొమ్మిదేళ్లుగా ఏ పెళ్లికి పోయినా నన్ను కుర్చీలో కూర్చోబెడుతున్నారు," అన్నాడు ముసలాయన. "ఈ గురువారం నా మనవడి పెళ్లి. కూర్చోను."

పట్టీ సంగతి మరిచిపోయి, డబ్బు కట్టి తుపాకీ పట్టుకుపోయాడు. గురువారం నిజంగానే వరసలో నిలబడ్డాడట, పాట అయ్యేదాకా. కుర్చీల్లో ఉన్న తోటి ముసలివాళ్లు ఆ తుపాకీని చేతులు మార్చుకుంటూ చూశారట.

శనివారం పొద్దున సర్దార్ భాయ్ షట్టర్ ఎత్తడానికి పోతే మెట్ల మీద ఏడుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఆ రోజు దుకాణంలో అడుగు పెట్టడానికి సందులేదు. మోకాళ్ల నొప్పులాయన ఒకడు, గుండెకు స్టెంటు వేయించుకున్నాయన ఒకడు, అందరూ తిప్పి చూసేవాళ్లే. పదిహేను రోజుల్లో గోడ ఖాళీ. వీడియో తీసినవాడు కూడా తాతకొకటి కావాలని వచ్చాడు. సర్దార్ భాయ్ మారుమాట లేకుండా కట్టిచ్చాడు. నేనైతే నాలుగు కడిగి గానీ ఇచ్చేవాణ్ని కాదు.

చివరి తుపాకీ అబూ సాదే ఇంటికి పట్టుకుపోయాడు. రెండోరోజు దాన్ని మళ్లీ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మా అన్నకు ఎనభై నాలుగేళ్లు," అన్నాడు అబూ సాద్. "ఆయనకు ఇది కూడా బరువేనట. రియాద్‌కు పోయి ఇంకా తేలికవి చూడు. ఎగ్జిట్ మాట వదిలెయ్, నీ ఇకామా రెన్యువల్ చేయించాను, దారిలో ఎవరైనా అడిగితే చూపించు."

సర్దార్ భాయ్ ఖాళీ పెట్టె మీద కూలబడి ఏడ్చేశాడు. నేను నవ్వుతూ వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను, నా కళ్లూ ఆగలేదు. అబూ సాద్ మా ఇద్దరినీ వింతగా చూసి, ఎన్ని తేవాలో అడిగాడు.